నేనెంతటిదాన్ని?

ఏ గుంపులోనైనా పని ఒకచోట ఆగిపోయిందంటే, కాసేపటికి నలుగురి చూపూ ఒక మనిషి వైపు తిరుగుతుంది. ఆ మనిషికి పెద్ద హోదా ఉండనక్కర్లేదు, గట్టిగా మాట్లాడే రకం కూడా కాకపోవచ్చు. ఎప్పుడో ఏదో చిన్న పని చక్కబెట్టి ఉంటుంది, అది జనానికి గుర్తుంటుంది. చూపులు తన మీద పడ్డాయని ఆమెకూ తెలుస్తుంది. వెంటనే ఫోన్‌లోకి తల దించేస్తుంది. లేదంటే ‘అబ్బే, నేనెంతటిదాన్ని, పెద్దవాళ్లెవరినైనా అడగండి’ అంటుంది. ఎంత అణకువో చూడండి అని అందరూ మెచ్చుకుంటారు.

ఆ అణకువ మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. నలుగురికి పనికొచ్చే పని ఒకటి మనల్ని పదేపదే పిలుస్తుంటే, చేయగల శక్తి కాస్తో కూస్తో ఉండి కూడా మనం తప్పుకుంటే, ఆ పని మాయమైపోదు. ఇంకెవరి నెత్తినో పడుతుంది. చాలాసార్లు అలా పడేది మనకంటే తక్కువ శక్తి ఉన్నవాళ్ల నెత్తిన. కాబట్టి ‘నేనెంతటిదాన్ని’ అనే మాట ఎంత మెత్తగా ఉన్నా, దానికి మూల్యం చెల్లించేది అన్నవాళ్లు కాదు.

నాకు దగ్గరగా తెలిసిన పనితోనే చెబుతాను. రక్తదాతలను సమకూర్చే ఒక చిన్న బృందంలో నేను పనిచేస్తున్నాను. థలసీమియా మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒకటి రెండు నెలలు కాదు, ఏళ్ల తరబడి. వాళ్ల ఒంట్లో ఎర్ర రక్తకణాలు సరిగా తయారవవు. ఎక్కించాల్సిన రోజు దాటితే పిల్ల ముఖం పాలిపోతుంది, మెట్లెక్కుతూ మధ్యలో కూలబడుతుంది, స్నేహితులు ఆటకు పిలిచినా కదలదు. మూడు వారాలకో యూనిట్ చొప్పున లెక్కేసినా ఏడాదికి 17 యూనిట్లు. ఒకసారి రక్తం ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలి, ఆడవాళ్లు నాలుగు నెలలు. అంటే ఒక్క పిల్ల కోసం కనీసం ఐదుగురు ఆరోగ్యవంతులు ఏడాది పొడవునా వరస తప్పకుండా రావాలి. పోనీ ఒకేసారి పెద్ద శిబిరం పెట్టి దాచుకుందామా అంటే కుదరదు. ఎర్ర కణాలు చల్లగా ఉంచినా మహా అయితే 42 రోజులు నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లైతే ఐదు రోజులే.

అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అని మన సామెత. ఈ పనిలో నాకు కనిపించింది సరిగ్గా దానికి తలకిందులు. మోస్తామనేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. రక్తం ఇస్తారా అంటే వంద చేతులు లేస్తాయి. ఆ వందమందిలో ఎవరిది ఏ గ్రూపు, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, ఈ గురువారం ఎవరిని పిలవాలి, వాళ్లు రాకపోతే ఇంకెవరు అన్నది చూసుకునే ఒక్క మనిషి దొరకడమే కష్టం. ఇవ్వడం అరగంట పని. ఇచ్చేవాళ్లను సమయానికి కూర్చడం రోజూ ఉండే పని. దానికి చప్పట్లు ఉండవు, ఫోటో ఉండదు. నా దృష్టిలో నాయకత్వంలో తొంభై పాళ్లు ఇదే.

మా పని అంతకు ముందు చూసినాయన బదిలీ మీద వెళ్తూ ఒక పొడవాటి రిజిస్టరు మా ముందు పెట్టారు. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ అని నాలుగు గడులు గీసి ఉన్నాయి. ఐదో గడికి పేరు లేదు. అందులో పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు రాసి ఉన్నాయి. ‘రాత్రి షిఫ్టు, పదకొండు దాకా పడుకుంటాడు.’ ‘సూది చూస్తే భయం, పక్కన ఎవరైనా ఉండాలి.’ ‘పరీక్షలప్పుడు అడగొద్దు.’ ‘భార్యకు ఇష్టం లేదు, ఇంటి నంబరుకు చేయకండి.’ మనుషులతో పని చేయించాలంటే ముందు వాళ్లు ఎప్పుడు నిద్రపోతారో, దేనికి భయపడతారో తెలుసుకోవాలని ఆయనకు ఎవరూ పాఠం చెప్పి ఉండరు. పని చేస్తూ చేస్తూ ఆయనే ఆ గడి గీసుకున్నారు.

ఎవరు తీసుకుంటారు అని అడిగారాయన. నేను తీసుకున్నాను. ధైర్యం ఉప్పొంగి కాదు. ఆ వారంలో రక్తం పడాల్సిన ఒక పిల్ల పేరు నేను తెరిచిన పేజీలోనే ఉంది. అది చదివాక రిజిస్టరు మూసి బల్ల మీద పెట్టేయడం నా వల్ల కాలేదు.

ఎవరూ తీసుకోకపోతే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అంతకు ముందు అలాగే జరిగేది. ప్రతి తల్లీ తన పిల్ల కోసం తానే, పనికి సెలవు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఫోన్లు చేసి బతిమాలేది. ఒక్కో తల్లీ విడివిడిగా, ప్రతి మూడు వారాలకూ. ఒక మనిషి రోజుకు గంట కూర్చుంటే తీరే పని అది. అలా కూర్చునేవాళ్లు లేకపోవడంతో అంతమంది తల్లుల రోజులకు రోజులు అందులోనే పోయేవి. ‘నేనెంతటిదాన్ని’ అనే మాటకు మూల్యం ఎవరు చెల్లిస్తారని అన్నది దీన్ని చూసే.

ఇక ‘పిలుపు’ అనే మాటకు వద్దాం. చాలామంది అదేదో గుడి గంట మోగినట్టు స్పష్టంగా వినపడాలని ఎదురుచూస్తుంటారు. వినపడలేదు కాబట్టి తమది కాదనుకుంటారు. వినపడినవాళ్ల సంగతి మాత్రం ఏమంత తేలికగా ఉంది? ఫ్లోరెన్స్ నైటింగేల్ 1837 ఫిబ్రవరిలో, ఇంకా పదిహేడేళ్లు నిండకముందే, దేవుడు తనను సేవకు పిలిచాడని రాసుకున్నారు. ఏ సేవ, ఎక్కడ, ఎలా అన్నది మాత్రం ఆ పిలుపులో లేదు. క్రిమియా యుద్ధ సమయంలో ఆమె టర్కీలోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లింది 1854లో. మధ్యలో 17 ఏళ్లు. నర్సు పనంటే అప్పట్లో గౌరవం లేదు, ఇంట్లో ససేమిరా అన్నారు. ఆ ఏళ్లలో ఆమె తెల్లవారకముందే లేచి ఆసుపత్రుల నివేదికలు చదివి నోట్సు రాసుకునేవారు. ఆ తర్వాతి కథ అందరూ చెబుతారు. నాకైతే ఆ తెల్లవారుజాముల మీదే ఎక్కువ గౌరవం.

వంగారి మాతాయ్‌కి అలాంటి స్వరమేదీ వినిపించలేదు. కెన్యా పల్లెల ఆడవాళ్లు పొయ్యిలోకి కట్టెలు దొరకడం లేదని, మంచినీళ్లు దొరకడం లేదని చెప్పుకుంటుంటే విన్నారు. ఆమె పశువుల శరీర నిర్మాణ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన అధ్యాపకురాలు, చెట్ల పెంపకం ఆమె చదువు కాదు. మరి చెట్లు నాటితే సరిపోతుంది కదా అనిపించింది. 1977లో ప్రపంచ పర్యావరణ దినం రోజున ఏడు మొక్కలతో మొదలుపెట్టారు. ఆ ఉద్యమం 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చేనాటికి మూడు కోట్లకు పైగా చెట్లు నాటింది. నాటినవాళ్లలో ఎక్కువమంది ఆ కట్టెల గురించి మొరపెట్టుకున్న ఆడవాళ్లలాంటివాళ్లే.

అందుకే ‘నాకు పిలుపు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది’ అని ఎవరైనా అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీరు దేని గురించి ఎక్కువగా విసుక్కుంటారు? అందరూ చూసీ చూడనట్టు దాటిపోయే ఏ విషయం మీ కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది? కొందరికి సరిగా లేని రాంపు కనిపిస్తుంది. కొందరికి తరగతిలో వెనక బెంచీలో నోరు మెదపని పిల్లాడు కనిపిస్తాడు. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఫారం నింపడం రాక నిలబడిపోయిన ముసలాయన ఇంకొకరికి కనిపిస్తాడు. అదే చోట వంద మంది ఉన్నా వాళ్లకు కనపడనిది మీకు కనపడుతోందంటే, ఆ చూపు మీకు ఎక్కడినుంచి వచ్చిందన్నది మీమీ నమ్మకాలను బట్టి ఉంటుంది. నేను దేవుణ్ణి నమ్ముతాను కాబట్టి ఆయన ఇచ్చాడంటాను. నమ్మనివాళ్లు బతుకు నేర్పిందంటారు. ఎటునుంచి వచ్చినా, కనపడ్డాక కనపడనట్టు ఉండటం కుదరదు కదా.

కనపడింది సరే, అర్హత మాటేమిటి అంటారు. ఇది నిజమైన ప్రశ్నే, కొట్టిపారేయను. మాతాయ్ వాళ్లు నారు పోయడం మొదలుపెట్టినప్పుడు, చెట్లు పెంచడానికి డిప్లొమా ఉన్నవాళ్లు కావాలని అటవీ అధికారులు అన్నారు. ఆ ఆడవాళ్లు విత్తనం ఏరుకుని, కుండ పెంకులో నాటి, మొలిచిందో లేదో చూసి, మొలవకపోతే ఇంకోలా నాటి నేర్చుకున్నారు. ‘డిప్లొమా లేని అటవీ అధికారులు’ అని వాళ్లకు పేరు కూడా వచ్చింది. అలాగని ఏ చదువూ అక్కర్లేదని నేననడం లేదు. నేర్చుకోవడానికి ఇష్టపడనివాళ్లు ముందుకొస్తే సాయం పేరుతో హానే జరుగుతుంది. కానీ నేర్చుకోవడం పనిలోకి దిగాక కూడా జరుగుతుంది. చాలాసార్లు దిగాకే జరుగుతుంది.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారి సంగతి చూడండి. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్న మనిషి. సైన్యంలో డాక్టరుగా ఉండగా తీవ్రమైన కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర్లు పోయాయి. ఆ చేతులతో ప్రసవాలు చేయలేనని తెలిసి కంటి వైద్యం వైపు మళ్లారు. అదేమన్నా తేలికైన శస్త్రచికిత్సా? వంగిపోయిన వేళ్లకు కత్తి పట్టుకోవడం మళ్లీ మొదటినుంచీ నేర్పుకున్నారు. ఆ చేతులతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 58వ ఏట ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో, మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. చూపు తెప్పించగలిగిన అంధత్వంతో ఎవరూ చీకట్లో ఉండకూడదన్నది ఆయన పట్టుదల. ఇప్పుడది ప్రపంచంలోనే అతిపెద్ద కంటి వైద్య సంస్థల్లో ఒకటి. ‘నా వయసు అయిపోయింది’, ‘నా ఆరోగ్యం సహకరించదు’ అనడానికి ఆయనకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరు. పద్నాలుగేళ్ల పిల్ల. టికెట్టు లేదని నెహ్రూను ఆపేశారు. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే లోపలికి పంపారు. ఈ కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. నాకు దానికంటే తర్వాతిది ఇష్టం. జైలు జీవితం గడిపి వచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టుకుని మెట్రిక్ నుంచి న్యాయశాస్త్రం దాకా చదివారు. తనతోపాటు మరికొందరు ఆడపిల్లలను కూర్చోబెట్టి పరీక్షలకు చదివించడంతో మొదలైందే ఆంధ్ర మహిళా సభ. అర్హత సంపాదించుకుని ఆ తర్వాత సేవ మొదలుపెడదాం అనుకోలేదు ఆవిడ. రెండూ ఒకే గదిలో, ఒకే సమయంలో జరిగాయి.

ఇంతవరకూ చెప్పింది ఒప్పుకోవడం గురించి. కానీ నేను గమనించినదాన్ని బట్టి ఒప్పుకోవడం ఒకసారితో అయ్యేది కాదు, రెండుసార్లు జరుగుతుంది. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మార్టిన్ లూథర్ కింగ్ అనగానే లక్షల జనం ముందు మాట్లాడుతున్న మనిషి గుర్తొస్తాడు. నేను చెప్పేది 1955 డిసెంబరు నాటి కింగ్ గురించి. 26 ఏళ్ల పాస్టరు. అమెరికా దక్షిణాదిలోని మాంట్‌గమరీకి కొత్త. ఇంట్లో పసిపాప, పుట్టి మూడు వారాలు కూడా కాలేదు. అంతకు కొద్ది వారాల ముందే ఒక పౌరహక్కుల సంఘం స్థానిక శాఖకు అధ్యక్షుడిగా పోటీ చేయమంటే, చర్చి బాధ్యతలున్నాయి, ఇప్పుడు వీలుకాదని చెప్పేశారు. డిసెంబరు 1న బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలనన్నందుకు, నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు, బస్సులెక్కవద్దని చెప్పే కరపత్రాలు తెల్లవార్లూ కాలేజీ యంత్రం మీద వేల సంఖ్యలో తీశారు. డిసెంబరు 5న నల్లజాతివాళ్లు బస్సులెక్కలేదు. ఆ మధ్యాహ్నమే కొత్త సంఘం పెట్టుకుని, అధ్యక్షుడిగా కింగ్ పేరు ప్రతిపాదించారు. ఊరికి కొత్త కాబట్టి ఎవరితోనూ పాత తగాదాలు లేకపోవడం కూడా ఒక కారణం. ఆలోచించుకునే వ్యవధి ఉంటే ఆయన మళ్లీ కాదనేవారేమో. ఆ సాయంత్రం సభలో మాట్లాడాల్సిన ప్రసంగానికి సిద్ధం కావడానికి అరగంట కూడా దొరకలేదు. ఇది మొదటి ఒప్పుకోలు. నలుగురిలో జరిగింది, నలుగురూ తోస్తే జరిగింది.

రెండోది 1956 జనవరి చివర్లో, ఒక అర్ధరాత్రి, వంటింట్లో. బెదిరింపు ఫోన్లు అప్పటికే రోజూ వస్తున్నాయి. ఆ రాత్రి వచ్చిన ఫోన్ తర్వాత ఇక నిద్ర పట్టలేదు. లేచి కాఫీ కాచుకున్నారు. కప్పు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నారు. పక్క గదిలో భార్య, పాప నిద్రపోతున్నారు. ఆ సమయంలో తన మనసులో ఏముందో ఆయనే తర్వాత చెప్పారు: పిరికివాడనిపించుకోకుండా ఇందులోంచి ఎలా తప్పుకోవాలా అని. బల్ల మీద తల వాల్చి, నేను బలహీనపడిపోతున్నాను, నాలో ధైర్యం అయిపోయింది అని పైకే ప్రార్థించారు. న్యాయం కోసం నిలబడు అని లోపల ఏదో పలికిందని, భయం సడలిందని చెప్పుకున్నారు. మూడు రోజులకే ఇంటి మీద బాంబు పడింది. లోపలున్న భార్యకూ పాపకూ ఏమీ కాలేదు. కోపంతో మూగిన జనాన్ని వాకిట్లో నిలబడి శాంతింపజేసి ఇళ్లకు పంపారు. బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది.

ఆ వంటింటి రాత్రి దగ్గరే చాలామంది ఆగిపోతారు. మన బతుకుల్లో బాంబులు ఉండవు, నిజమే. తిట్లు ఉంటాయి. నెలల తరబడి చేసిన పనిని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. డబ్బులేమయ్యాయని అడిగేవాళ్లు ఉంటారు. మనం నమ్మినవాళ్లే చెప్పాపెట్టకుండా మానేస్తారు. అప్పుడు ఒంటరిగా కూర్చుని ‘ఇంత భయంగా, ఇంత నీరసంగా ఉందంటే ఇది నాకు రాసిపెట్టిన పని కాదేమో’ అనుకుంటాం. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇక్కడే. ఆ భయం మీరు పనికిరారనడానికి గుర్తు కాదు. మొదటిసారి పదిమంది బలవంతం మీద అన్న ‘సరే’ను ఇప్పుడు ఎవరూ చూడనప్పుడు మీకు మీరు మళ్లీ అనుకోవాల్సిన సమయం వచ్చింది, అంతే. అనుకోలేకపోతే గౌరవంగా అప్పగించి తప్పుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. కానీ భయపడ్డాను కాబట్టి అనర్హురాలినని మాత్రం అనుకోవద్దు.

జో ఆన్ రాబిన్సన్ పేరు మీలో ఎంతమంది విన్నారో. కాలేజీ ఉద్యోగం మీదికి వస్తుందని ఆమె తెర వెనకే ఉండిపోయారు. కానీ ఆ 381 రోజులూ జనాన్ని పనులకు చేర్చింది ఉపన్యాసాలు కాదు, దాదాపు 300 కార్లు. ఏ కారు ఏ మూలన ఆగాలి, ఎవరిని ఎక్కించుకోవాలి, ఎవరిని ఎక్కడ దించాలి అని రోజూ కూర్చుని చూసినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు చరిత్రలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ చిన్న అక్షరాల మనుషులు లేకపోతే మూడో రోజే జనం తిరిగి బస్సెక్కేవాళ్లు. వేదిక ఎక్కే పిలుపు అందరికీ రాదు. ఇలాంటి పిలుపు మాత్రం మనలో చాలామందికి వచ్చే ఉంటుంది.

ఈపాటికి ఇంట్లోవాళ్ల మాటేమిటని అడగాలనిపిస్తూ ఉంటుంది. ‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం’ అన్నారు పెద్దలు. పెట్టుబడే పోయే వ్యాపారం ఎలాంటిదో, తనను తాను ఒడ్డుకుని చేసే ధర్మం అలాంటిదే అని. ఇది బంగారంలాంటి హెచ్చరిక. నిద్ర మానుకుని, పిల్లల హోంవర్కు వదిలేసి, ఒంట్లో బాగోలేకపోయినా పరుగెత్తే సేవ ఎక్కువకాలం నిలవదు, నిలిచినా చుట్టూ ఉన్నవాళ్లు నలిగిపోతారు. మా రిజిస్టరులో నా పేరు ఎదుట ఐదో గడిలో నేను కూడా ఒక మాట రాసుకున్నాను: ‘ఆదివారం ఫోన్ ఎత్తదు.’ ఆదివారం ఎత్తే మనిషి వేరే ఉన్నారు. సేవలో ముందున్న మనిషి తన హద్దు ముందే చెప్పేస్తే, మిగతావాళ్లకు కూడా తమ హద్దు చెప్పే ధైర్యం వస్తుంది. లేకపోతే ఎవరికి వాళ్లు మొహమాటపడి, ఒకరోజు అందరూ ఒకేసారి మానేస్తారు.

కానీ ఆ సామెతను ఎవరికి ఎక్కువగా వినిపిస్తారో గమనించారా? మగవాడు సంఘం పని మీద రాత్రి పదింటికి ఇంటికొస్తే ‘ఎంత మంచి మనసు’ అంటారు. ఆడది ఏడింటికొస్తే ‘ముందు ఇల్లు చక్కబెట్టుకో’ అంటారు. ఇల్లు చక్కబెట్టుకోవడం ఇద్దరి పని అయినచోట మాత్రమే ఆ సామెతకు నేను తలవంచుతాను.

ఇప్పుడు నా వాదనకు అన్నిటికంటే గట్టి అభ్యంతరం. నన్ను ఒక పని పిలిచింది అని నమ్మిన మనుషులు ప్రపంచానికి మేలే చేశారా? లేదు. తాము ఎంపికైనవాళ్లమని నమ్మి జనాన్ని కొండ అంచుకు నడిపించినవాళ్లు చరిత్రలో కోకొల్లలు. చిన్న చిన్న సంఘాల్లో కూడా చూస్తుంటాం. ‘నేను ఇంత త్యాగం చేశాను, నన్నే లెక్కలడుగుతారా’ అని ఊగిపోయేవాళ్లను. కాబట్టి పిలుపు వినబడటం ఒక్కటే సరిపోదు. అది వినబడ్డాక మీ చెవులు ఇంకా తెరుచుకున్నాయా, మూసుకుపోయాయా అన్నది చూసుకోవాలి.

ఇందుకు నేను మళ్లీ నైటింగేల్ దగ్గరికే వెళ్తాను. దీపం పట్టుకుని రోగుల మధ్య తిరిగే దేవతగా ఆమె 1856లో ఇంగ్లండు తిరిగొచ్చారు. దేశమంతా నీరాజనం పట్టింది. అక్కడితో ఆగిపోయి ఉంటే పాఠ్యపుస్తకంలో బొమ్మగా మిగిలేవారు. ఆమె మాత్రం విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని మరణాల లెక్కలు తీశారు. గాయాలతో చనిపోయినవాళ్లకంటే అంటురోగాలతో చనిపోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. తాను పనిచేసిన స్కుటారీ ఆసుపత్రిలోనే, తాను అక్కడ ఉన్న ఆ చలికాలంలోనే, మరణాలు ఘోరంగా పెరిగాయి. 1855 మార్చిలో పారిశుధ్య కమిషన్ వచ్చి మురుగు కాలవలు బాగుచేయించి, గాలి ఆడే ఏర్పాటు చేశాకే అవి వేగంగా తగ్గాయి. రాత్రింబవళ్లు ఆమె చేసిన సేవ ఆ సైనికులకు ఓదార్పునిచ్చింది, కానీ వాళ్లను చంపుతున్నది కిందనున్న మురుగు. ఎంత కష్టమైన నిజమో ఆలోచించండి. ఆమె దాన్ని దాచిపెట్టలేదు. 1858లో ఆ మరణాలను రంగుల పటాలుగా గీసి, ఏలికల కళ్లముందు పెట్టి, సైనిక ఆసుపత్రుల తీరు మార్చేదాకా వదల్లేదు. జబ్బుపడి ఎక్కువకాలం గదిలోనే ఉంటూ ఆ పని చేశారు.

నా మనసులో సేవా నాయకత్వం అంటే ఈ రెండో నైటింగేల్. తన మంచితనం మీద కాకుండా ఎదుటివాళ్లకు నిజంగా జరుగుతున్న మేలు మీద కన్ను ఉన్న మనిషి. ఎవరైనా కొత్తగా ఒక బాధ్యత నెత్తిన వేసుకుంటే నేను మూడు విషయాలు చూస్తాను. వాళ్ల లెక్కల పుస్తకం ఎవరైనా తెరిచి చూడొచ్చా? వాళ్లకు ఎదురుగా ‘ఇది తప్పు’ అనగలిగిన మనిషి ఒక్కరైనా పక్కన ఉన్నారా? వాళ్లు రెండు వారాలు మంచాన పడితే పని నడుస్తుందా? మూడోదే అన్నిటికంటే కష్టం. ఎందుకంటే మనం లేకపోతే ఆగిపోయే పని మనకు లోలోపల చాలా తియ్యగా ఉంటుంది.

ఎల్లా బేకర్ అనే ఆవిడ ఈ తీపిని దగ్గరికి రానివ్వలేదు. అమెరికా పౌరహక్కుల పోరాటంలో దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి. 1960 ఏప్రిల్‌లో నల్లజాతివాళ్లకు వడ్డించని లంచ్ కౌంటర్ల దగ్గర నిరసనలు చేస్తున్న విద్యార్థులను రాలీ నగరంలోని షా యూనివర్సిటీలో ఒకచోట చేర్చారు. పెద్ద సంస్థలు వాళ్లను తమలో కలుపుకోవాలని చూశాయి. మీ సంఘం మీరే పెట్టుకోండి, మీ నిర్ణయాలు మీరే చేసుకోండి అని వాళ్లకు చెప్పింది బేకరే. బలమైన జనానికి బలమైన నాయకుడి అవసరం ఉండదన్నది ఆమె నమ్మిక. సమావేశాల్లో ఆమె ఎక్కువగా ప్రశ్నలు అడిగేవారట, జవాబులు వాళ్ల నోటి నుంచే వచ్చేదాకా. కింగ్ లాంటి నాయకత్వం మీద ఆమెకు అభ్యంతరాలు ఉండేవి, దాచుకోలేదు. ఇద్దరినీ గౌరవించడంలో నాకు ఇబ్బందేమీ కనపడదు. కానీ మన రోజువారీ పనులకు, నాలుగు వాటాల మధ్య, నలభై మంది సభ్యుల మధ్య జరిగే పనులకు, బేకర్ పద్ధతే ఎక్కువ పనికొస్తుంది.

మా బృందంలో ఒక కుర్రాడు చేరాడు. ముందు శనివారాలు వచ్చి ఫోన్లు చేసేవాడు. కొన్నాళ్లకు ‘అక్కా, ఈ రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను’ అన్నాడు. ఎక్కించాడు. పేరులేని ఐదో గడిని మాత్రం అలాగే ఉంచాడు, దాన్నే ముందు వరుసలోకి తెచ్చాడు. ఫోన్ చేసే ముందు ఒక మెసేజ్ పెడతాడు, తెలియని నంబరు ఎవరూ ఎత్తడం లేదని. నాకు గొంతుతో అడగడమే ఇష్టం, ఒక మనిషి ఇంకో మనిషిని అడుగుతున్నట్టు ఉంటుందని. అతని పద్ధతిలో జవాబులు తొందరగా వస్తున్నాయి, కాబట్టి ఇప్పుడు అందరం అలాగే చేస్తున్నాం. ఇచ్చే తేదీ దగ్గరపడినవాళ్ల పేర్లు వాటంతట అవే పైకి వచ్చేలా పెట్టాడు. వచ్చే నెల నుంచి వారం రోజుల ఫోన్ల బాధ్యత అతనిదే. నేను వారానికోసారి లెక్క చూస్తాను, అంతే.

దానివల్ల నాకు కొంత సమయం మిగిలింది, ఇన్నాళ్లుగా గుచ్చుకుంటున్న ఇంకో సంగతి ముందుకొచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ థలసీమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు థలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులు ఆ లోపాన్ని ఒంట్లో మోస్తున్నా పైకి మామూలుగానే ఉంటారు, తమకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఒక రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ‘ఈ పరీక్ష గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే’ అంటారు. అది విన్న ప్రతిసారీ నాకు నిద్ర పట్టదు. కాలేజీలకు వెళ్లి, పెళ్లీడు పిల్లలకు అర్థమయ్యేలా, భయపెట్టకుండా ఈ మాట చెప్పాలి. డాక్టరుగారొకరు విషయం సరిచూసి ఇస్తామన్నారు. మాట్లాడటానికి ఇద్దరు కావాలి. ఒకరు దొరికారు.